రోబోకి లైట్లు పెట్టే ముందు ఒక్క లెక్క వేయండి

నా వెనకాల గోడ మీద నీలం రంగులో వెలుగుతున్న స్ట్రిప్ చూశారా? చాలామంది దాన్ని బ్యాక్‌గ్రౌండ్ కోసం కొన్నాననుకుంటారు. కాదు. అది బీటెక్ థర్డ్ ఇయర్‌లో మా రోబో కింద అతికించిన స్ట్రిప్. ఆ రోబో పోటీలో స్టార్ట్ లైన్ కూడా దాటలేదు. ఎందుకు దాటలేదో నాకు అర్థం కావడానికి నాలుగేళ్లు పట్టింది. ఈలోపు తప్పు చేయని ఒకడిని నలుగురి ముందు తిట్టేశాను.

ఇప్పుడు ఇది ఎందుకు చెప్తున్నానంటే, పోయిన వారం పాలిటెక్నిక్ చదివే ఒక తమ్ముడు వీడియో పంపాడు. రోబో లైట్లతో ధగధగా మెరుస్తుంది, మోటార్లు తిరగబోతాయి, టక్కున అన్నీ ఆరిపోతాయి. మళ్లీ వెలుగుతుంది, మళ్లీ ఆరిపోతుంది. "అన్నా, బోర్డ్ పోయిందా? కొత్తది కొనాలా?" అని అడిగాడు. కొనక్కర్లేదు తమ్ముడూ. నీది కూడా నా కథే.

మా కథ

లైన్ ఫాలోవర్ ఈవెంట్. నలుగురం కలిసి తలా 1,500 వేసుకుని రోబో చేశాం. వైరింగ్, సోల్డరింగ్ అంతా మా రూమ్మేట్‌ది. కోడ్ నాది. ముందు రోజు అర్ధరాత్రి నాకో బుద్ధి పుట్టింది: కింద ఎల్ఈడీ స్ట్రిప్ పెడితే అదిరిపోతుంది కదా అని. అర మీటరు ముక్క, 30 ఎల్ఈడీలు. మోటార్ డ్రైవర్ బోర్డ్ మీద 5 వోల్ట్‌ల పిన్ ఉంటే అక్కడే కలిపేశా. మూడు ఎర్ర లైట్లు ఒకదాని వెనక ఒకటి పరుగెత్తే ఎఫెక్ట్ పెట్టి టెస్ట్ చేశాం. రోబో బ్రహ్మాండంగా తిరిగింది. పడుకున్నాం.

పొద్దున ఈవెంట్‌కి ముందు నేను కోడ్‌లో ఒక చిన్న మార్పు చేశా. స్టార్ట్ బటన్ నొక్కగానే స్ట్రిప్ మొత్తం తెల్లగా మెరవాలి. అంతే. టెస్ట్ చేయలేదు.

బటన్ నొక్కాం. తెల్లగా మెరిసింది. ఆగిపోయింది. మళ్లీ నొక్కాం. మళ్లీ మెరిసింది, మళ్లీ ఆగిపోయింది. మూడు ఛాన్సులూ అయిపోయాయి. నేను మా వాడి వైపు తిరిగి "వైరింగ్ లూజ్‌గా ఉందిరా, రాత్రే చూసుకోవాల్సింది" అని అందరి ముందూ అనేశా. వాడేం మాట్లాడలేదు. తర్వాత రోబోటిక్స్ క్లబ్ వైపు రాలేదు కూడా.

సరే, ఆ రోజు నిజంగా ఏం జరిగిందో చూద్దాం.

ముందు స్ట్రిప్ సంగతి

మార్కెట్లో దొరికేవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి, ఆటోలకి, బైకులకి, వినాయక మండపాలకి వేసే 12 వోల్ట్‌ల స్ట్రిప్. ఇందులో మూడేసి ఎల్ఈడీలు ఒక గ్రూపు, అందుకే మూడింటికి ఒకచోట కట్ చేసే గుర్తు ఉంటుంది. మొత్తం స్ట్రిప్ ఒకే రంగులో వెలుగుతుంది. మీటరుకి 60 ఎల్ఈడీలు ఉండే మామూలు రకం మీటరుకి దాదాపు 14 వాట్లు, అంటే 12 వోల్ట్‌ల దగ్గర 1.2 ఆంప్స్ తీసుకుంటుంది.

రెండోది, మనవాళ్లందరూ మోజుపడేది, డబ్ల్యూఎస్2812బీ స్ట్రిప్. 5 వోల్ట్‌లది. ఇందులో ప్రతి ఎల్ఈడీలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు చిన్న లైట్లు, వాటిని నడిపే ఒక బుల్లి చిప్ ఉంటాయి. అందుకే ఏ ఎల్ఈడీకి ఆ ఎల్ఈడీ వేరే రంగు ఇవ్వొచ్చు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి కోఠి గుజరాతీ గల్లీలో రెండూ దొరుకుతాయి.

అసలు లెక్క ఇక్కడ ఉంది. డబ్ల్యూఎస్2812బీలో ఒక్కో రంగు ఫుల్‌గా వెలిగితే సుమారు 20 మిల్లీఆంప్స్. తెలుపు అంటే మూడు రంగులూ కలిసి వెలగడం. కాబట్టి ఒక ఎల్ఈడీ ఫుల్ తెలుపుకి 60 మిల్లీఆంప్స్. కొత్తగా వచ్చే కొన్ని రకాలు ఇంతకంటే తక్కువ తీసుకుంటాయి, కానీ లెక్క ఎప్పుడూ 60తోనే వేయండి.

మాది: మూడు ఎర్ర లైట్లు, 3 ఇంటూ 20, మొత్తం 60 మిల్లీఆంప్స్. అందుకే రాత్రి ఏ ఇబ్బందీ రాలేదు. పొద్దున: 30 లైట్లు తెలుపు, 30 ఇంటూ 60, మొత్తం 1,800 మిల్లీఆంప్స్. అంటే 1.8 ఆంప్స్. ఒక్క లైన్ కోడ్‌తో కరెంట్ 30 రెట్లు పెంచేశాను.

మరి మేం వాడిన ఎల్298ఎన్ బోర్డ్ మీద ఉండే 5 వోల్ట్‌ల రెగ్యులేటర్ ఎంత ఇవ్వగలదు? అర ఆంప్. అదే రెగ్యులేటర్ మా ఆర్డినో ఊనోకి కూడా పవర్ ఇస్తోంది. అర ఆంప్ ఇచ్చేవాడిని దాదాపు రెండు ఆంప్స్ అడిగితే ఏమవుతుంది? వోల్టేజ్ కుప్పకూలుతుంది. ఊనోలో ఉన్న చిప్ వోల్టేజ్ సుమారు 2.7 కంటే పడిపోతే తనంతట తానే రీసెట్ అవుతుంది. రీసెట్ అవగానే లైట్లు ఆరిపోతాయి, వోల్టేజ్ మళ్లీ లేస్తుంది, కోడ్ మొదటికి వెళ్లి "బటన్ నొక్కండి" అని కూర్చుంటుంది. చూసేవాళ్లకి రోబో చచ్చిపోయినట్టు కనిపిస్తుంది. నిజానికి అది బతికే ఉంది, మన కోసం ఎదురుచూస్తోంది.

బ్యాటరీ అయిపోవడం కాదు, వోల్టేజ్ పడిపోవడం

చాలామంది "లైట్లు పెడితే బ్యాటరీ తొందరగా అయిపోతుంది" అని భయపడతారు. ఒకసారి లెక్క చూడండి. 30 ఎల్ఈడీలు ఫుల్ తెలుపులో 5 ఇంటూ 1.8, అంటే 9 వాట్లు. మంచి బక్ కన్వర్టర్ ద్వారా 11.1 వోల్ట్‌ల లైపో నుంచి తీసుకుంటే బ్యాటరీ మీద పడేది దాదాపు 1 ఆంప్. 2,200 ఎంఏహెచ్ బ్యాటరీ ఉట్టి లైట్లనే రెండు గంటలు వెలిగించగలదు. మన మ్యాచ్ మూడు నిమిషాలు కూడా ఉండదు. కాబట్టి సమస్య బ్యాటరీలో కాదు. మధ్యలో ఉన్న ఆ చిన్న రెగ్యులేటర్‌లో, ఆ సన్నటి వైర్లలో.

అందుకే మొదటి రూల్: లైట్లకి వేరే దారి. బ్యాటరీ నుంచి ఫ్యూజ్, ఫ్యూజ్ నుంచి ఒక బక్ కన్వర్టర్, అక్కడి నుంచి స్ట్రిప్. ఆర్డినోకి వేరే దారి. మోటార్లకి వేరే దారి. ఇంట్లో మోటార్ వేస్తే ట్యూబ్‌లైట్ ఒక్కసారి డిమ్ అవుతుంది చూడండి, రోబోలో కూడా అదే జరుగుతుంది. ఆగి ఉన్న మోటార్ కదలడం మొదలుపెట్టే క్షణంలో మామూలుగా తిరిగేటప్పటి కంటే ఎన్నో రెట్లు కరెంట్ లాగుతుంది. అదే క్షణంలో లైట్లు కూడా మెరిస్తే రెండు దెబ్బలూ ఒకేసారి.

ఎల్ఎం2596 మాడ్యూల్ మీద 3 ఆంప్స్ అని రాసి ఉంటుంది, కానీ హీట్ సింక్ లేకుండా 2 ఆంప్స్ దాటించకండి. 30 ఎల్ఈడీలకి సరిపోతుంది. ఇంకా ఎక్కువ కావాలంటే 5 ఆంప్స్ రకం తీసుకోండి. కలిపే ముందు మల్టీమీటర్ పెట్టి కచ్చితంగా 5 వోల్ట్‌లు వచ్చేలా స్క్రూ తిప్పుకోండి. కొత్త మాడ్యూల్‌ని చూసుకోకుండా కలిపేసి స్ట్రిప్ మొత్తం కాల్చుకున్నవాళ్లు నాకు తెలుసు.

ఇంకొకటి, ఇది చాలామంది మర్చిపోతారు. పవర్ దారులు వేరైనా గ్రౌండ్ మాత్రం అన్నిటికీ ఒకటే ఉండాలి. స్ట్రిప్ గ్రౌండ్, ఆర్డినో గ్రౌండ్ కలపకపోతే డేటా అర్థం కాక లైట్లు పిచ్చి రంగుల్లో మెరుస్తాయి.

వైరింగ్‌లో చిన్న విషయాలు

డేటా వైర్‌లో స్ట్రిప్ దగ్గరగా 300 నుంచి 500 ఓమ్స్ మధ్య ఒక రెసిస్టర్ పెట్టండి. పవర్ రెండు వైర్ల మధ్య 1,000 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి, ప్లస్ మైనస్ చూసుకుని. మొదటిది డేటాని శుభ్రంగా ఉంచుతుంది. రెండోది ఒక్కసారిగా కరెంట్ అడిగినప్పుడు కాస్త ఆదుకుంటుంది, నీళ్ల ట్యాంక్ లాగా.

స్ట్రిప్ మీద బాణం గుర్తు ఉంటుంది. డేటా ఆ దిశలోనే వెళ్తుంది. తిరగేసి కలిపితే ఏమీ వెలగదు. మధ్యలో ఒక ఎల్ఈడీ పోతే దాని తర్వాతవన్నీ ఆగిపోతాయి, ఎందుకంటే ఒకదాని చేతి నుంచి ఇంకోదాని చేతికి డేటా అందిస్తూ వెళ్తాయి.

ఈఎస్‌పీ32 వాడేవాళ్లు జాగ్రత్త. దాని పిన్ ఇచ్చేది 3.3 వోల్ట్‌లు. స్ట్రిప్‌కి 5 వోల్ట్‌లు ఇస్తున్నప్పుడు డేటా "ఒకటి" అని గుర్తించాలంటే రూల్ ప్రకారం అందులో 70 శాతం, అంటే 3.5 వోల్ట్‌లు కావాలి. టేబుల్ మీద పనిచేస్తుంది, గ్రౌండ్‌లో మోటార్లు తిరిగే సరికి మొండికేస్తుంది. మధ్యలో 74ఏహెచ్‌సీటీ125 లాంటి లెవెల్ షిఫ్టర్ చిప్ పెట్టండి. రేటు తక్కువే, తలనొప్పి పోతుంది.

పొడుగు స్ట్రిప్ వేస్తే చివర తెలుపు కాస్తా పసుపుగా, ఎర్రగా మారడం చూసే ఉంటారు. ఎల్ఈడీ పాడైందని కాదు. కరెంట్ అంత దూరం వెళ్లే సరికి వోల్టేజ్ తగ్గుతుంది. నీలం, ఆకుపచ్చ వెలగాలంటే దాదాపు 3 వోల్ట్‌లు కావాలి, ఎరుపుకి 2 చాలు. కాబట్టి ముందు నీలం డీలా పడుతుంది, ఎరుపు మిగులుతుంది. స్ట్రిప్ రెండో చివర కూడా పవర్ ఇస్తే సరిపోతుంది. ఆ ఎర్రదనం గుర్తుపెట్టుకోండి, నాకు నిజం తెలిసింది దానివల్లే. ఆ సంగతి చివర్లో చెప్తా.

అల్యూమినియం ఛాసిస్ మీద అతికించేటప్పుడు కింద ఇన్సులేషన్ టేప్ వేయండి. కట్ చేసిన చోట రాగి ప్యాడ్లు లోహానికి తగిలితే షార్ట్. సోల్డర్ చేసిన చోట హాట్ గ్లూ పెట్టి పైన ఒక జిప్ టై బిగించండి. స్ట్రిప్ వెనకున్న జిగురుని నమ్మకండి, దుమ్ములో రెండు రౌండ్లు తిరిగితే ఊడి చక్రంలో చుట్టుకుంటుంది. జంపర్ వైర్లతో, బ్రెడ్‌బోర్డ్‌తో లైట్లకి పవర్ ఇవ్వొద్దు, కనీసం 22 గేజ్ వైర్ వాడండి. గేజ్ నంబర్ పెరిగే కొద్దీ వైర్ సన్నబడుతుంది, అది తిరగేసి అర్థం చేసుకోకండి. లైపో బ్యాటరీ షార్ట్ అయితే మంటే. ఆ ఫ్యూజ్ బ్యాటరీకి దగ్గరగా ఉండాల్సిందే.

కోడ్‌లో దాక్కున్న దొంగ

ఇప్పుడు నా ఏరియా. పవర్ అంతా సరిగ్గా ఉన్నా లైట్లు రోబోని ఇంకో రకంగా ముంచుతాయి.

ఒకటి, డిలే. ఇంటర్నెట్‌లో దొరికే రెయిన్‌బో కోడ్ నిండా డిలేలే. అందులో 20 మిల్లీసెకన్ల డిలే ఉందనుకుందాం. మీ రోబో సెకనుకి ఒక మీటరు వేగంతో వెళ్తుంటే ఆ 20 మిల్లీసెకన్లలో 2 సెంటీమీటర్లు కళ్లు మూసుకుని వెళ్తుంది. లైన్ వెడల్పే అంత ఉంటుంది. ఇంకేముంది, మలుపు దగ్గర బయటికి. మిల్లిస్ ఫంక్షన్ వాడి "టైమ్ అయిందా? అయితే రంగు మార్చు, లేదంటే నీ పని నువ్వు చూసుకో" అన్నట్టు రాయండి.

రెండు, ఇంటరప్ట్‌లు. ఈ స్ట్రిప్‌కి డేటా చాలా కచ్చితమైన టైమింగ్‌తో వెళ్లాలి. ఒక ఎల్ఈడీకి 24 బిట్లు, ఒక్కో బిట్ 1.25 మైక్రోసెకన్లు. అంటే ఎల్ఈడీకి 30 మైక్రోసెకన్లు. 30 ఎల్ఈడీలకి 0.9 మిల్లీసెకన్లు. ఊనోలో నియోపిక్సెల్ లైబ్రరీ ఆ కాసేపు ఇంటరప్ట్‌లన్నీ ఆపేస్తుంది. ఆ టైమ్‌లో ఎన్‌కోడర్ పల్స్‌లు మిస్సవ్వొచ్చు, సర్వో వణకొచ్చు. "నా సర్వో ఎందుకు వణుకుతోంది" అని అడిగేవాళ్లలో కొందరికి జవాబు ఇదే. లూప్ తిరిగిన ప్రతిసారీ స్ట్రిప్‌కి డేటా పంపకండి. రంగు మారినప్పుడు మాత్రమే పంపండి. ఇంకా భయమైతే లైట్లకి విడిగా ఒక నానో పెట్టేయండి.

మూడు, బ్రైట్‌నెస్. 255 అక్కర్లేదు, 64 పెట్టి చూడండి. కరెంట్ నాలుగో వంతు అవుతుంది. కంటికి మాత్రం దాదాపు సగం వెలుగులా కనిపిస్తుంది, ఎందుకంటే మన కన్ను వెలుగుని లెక్క ప్రకారం చూడదు. ఫాస్ట్‌ఎల్ఈడీ లైబ్రరీలో "ఇన్ని వోల్ట్‌లు, ఇన్ని మిల్లీఆంప్స్ మించొద్దు" అని లిమిట్ పెట్టే సౌకర్యం ఉంది. నాకు ఆ రోజు ఆ ఒక్క లైన్ తెలిసుంటే కథ వేరేలా ఉండేది.

లైన్ ఫాలోవర్, కలర్ సెన్సర్, కెమెరా వాడేవాళ్లకి ఇంకో మాట. కింద మెరిసే లైట్ సెన్సర్ కంట్లో పడితే రీడింగ్స్ మారిపోతాయి. లైట్లు ఆర్పేసి క్యాలిబ్రేట్ చేసి, లైట్లు వేసి పోటీకి వెళ్తే అది వేరే రోబో కింద లెక్క. స్ట్రిప్‌ని పైకి, బయటికి చూసేలా పెట్టండి.

మరి అసలు లైట్లు ఎందుకు?

ఇంత గొడవ ఉంటే మానేయొచ్చు కదా అంటారేమో. మానొద్దు. లైట్ అంటే ఉట్టి షో కాదు, అది రోబో నోరు.

అమెరికాలో హైస్కూల్ పిల్లలు ఆడే ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్ చూడండి. అక్కడ ప్రతి రోబో మీద ఒక నారింజ రంగు సిగ్నల్ లైట్ తప్పనిసరి. రోబో ఆన్‌లో ఉండి డిసేబుల్ అయి ఉంటే నిలకడగా వెలుగుతుంది, ఎనేబుల్ అయి కదలడానికి సిద్ధంగా ఉంటే బ్లింక్ అవుతుంది. దగ్గరికి వెళ్లొచ్చా లేదా అనేది లైట్ చూసి తెలుస్తుంది. 2023 గేమ్‌లో పసుపు కోన్లు, ఊదా రంగు క్యూబ్‌లు ఉండేవి. చాలా టీములు రోబో మీద ఎల్ఈడీలని పసుపుగానో ఊదాగానో వెలిగించి, ఫీల్డ్ అవతల ఉన్న తమ మనిషికి "ఇప్పుడు మాకు ఇది కావాలి" అని చెప్పేవాళ్లు. గోలగోలగా ఉన్న హాల్లో అరిస్తే ఎవరికి వినిపిస్తుంది? రంగు మాత్రం కనిపిస్తుంది.

మీరూ అలా వాడండి. నీలం అంటే ఎదురుచూస్తోంది. ఆకుపచ్చ అంటే లైన్ దొరికింది. ఎరుపు అంటే సెన్సర్ మాట వినట్లేదు. పసుపు అంటే బ్యాటరీ తక్కువ. ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగ్గా కనిపించని వాళ్లు మీ టీమ్‌లోనే ఉండొచ్చు, అందుకే రంగుతో పాటు బ్లింక్ తేడా కూడా పెట్టండి. సెకనుకి మూడుసార్ల కంటే వేగంగా మెరిపించకండి, కొందరికి ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. ముందు మీ పోటీ రూల్ బుక్ చదవండి. అవతలి రోబో సెన్సర్లని కావాలని ఇబ్బంది పెట్టేవి అయితే ఎక్కడా ఒప్పుకోరు.

కొత్త కోడ్ మొదలయ్యేటప్పుడు ఒక రంగు వెలిగేలా పెట్టండి, ఉదాహరణకి అర సెకను ఊదా. పోటీ మధ్యలో ఊదా కనిపిస్తే రోబో రీసెట్ అయిందని మీకు వెంటనే తెలుస్తుంది. వైరింగా, కోడా, పవరా అని ఊహించి ఎవర్నీ తిట్టక్కర్లేదు.

పోటీకి ముందు రాత్రి

ఒక్క టెస్ట్ చేయండి. మ్యాచ్ ఎంతసేపో అంతసేపు, లైట్లన్నీ ఫుల్ తెలుపు, మోటార్లు ముందుకీ వెనక్కీ తిప్పుతూ, 5 వోల్ట్‌ల దగ్గర మల్టీమీటర్ పెట్టి చూడండి. 4.7 కంటే కిందికి పడుతుంటే ఎక్కడో దారి ఇరుకుగా ఉంది. ఆ టెస్ట్ పాసైతేనే పడుకోండి. ఆ తర్వాత కోడ్ ముట్టుకోవద్దు. ముట్టుకుంటే మళ్లీ టెస్ట్.

చివర్లో చెప్తానన్నది ఇది. ఉద్యోగం మానేసి ఈ వీడియోలు మొదలుపెట్టినప్పుడు, గోడకి లైట్ కావాలని పాత పెట్టెలోంచి ఈ స్ట్రిప్ తీశా. ఊనోకి కలిపి, 1 ఆంప్ ఫోన్ ఛార్జర్ పెట్టి, తెలుపు వేశా. ఒక్క క్షణం ఎర్రబడి, ఆరిపోయి, మళ్లీ వెలిగింది. మళ్లీ ఆరింది. మూడోసారికి నాకు ఒళ్లు చల్లబడింది. ఇది నేను చూశాను. స్టార్ట్ లైన్ దగ్గర చూశాను.

ఆ రాత్రే మా రూమ్మేట్‌కి ఫోన్ చేశా. "ఆ రోజు తప్పు నాదేరా, లైట్లది" అని చెప్పా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత నవ్వి, "తిరిగొచ్చేటప్పుడు బస్సులో జాయింట్లన్నీ చూశా రా. ఒక్కటి కూడా లూజ్ లేదు" అన్నాడు.

నాలుగేళ్లు వాడికి తెలుసు. నాకే తెలియలేదు.

తమ్ముడూ, నీ బోర్డ్ బాగానే ఉంది. బ్రైట్‌నెస్ 64కి దించు, లైట్లకి వేరే బక్ పెట్టు, గ్రౌండ్ కలుపు. మీ టీమ్‌లో వైరింగ్ చేసినవాడిని ఏమైనా అని ఉంటే, ఈ వీడియో వాడికి కూడా పంపు. మళ్లీ కలుద్దాం.